చార్లీ రాబర్ట్స్ ఇంగ్లాండ్‌కు మూడు మ్యాచ్‌లే ఎందుకు ఆడాడు?

మీరు అడిగినదాంట్లో రెండు ప్రశ్నలున్నాయి. మాంచెస్టర్ యునైటెడ్ ఫుట్‌బాల్ క్లబ్ తొలి గొప్ప కెప్టెన్‌గా పేరున్న చార్లీ రాబర్ట్స్ ఇంగ్లాండ్ జట్టు తరఫున మూడంటే మూడు మ్యాచ్‌లే ఆడాడు కదా, అది ఆటగాళ్ల యూనియన్ పెట్టినందుకు పడిన శిక్షేనా అన్నది మొదటిది. అంత తక్కువ ఆడినవాణ్ణి అంత గొప్పవాడని ఎందుకంటారు అన్నది రెండోది.

మొదటిదానికి ఎక్కడ వెతికినా "అవును, యూనియన్ వల్లే" అన్న జవాబే కనిపిస్తుంది. ఇన్నేళ్లుగా ఆ కాలపు ఫుట్‌బాల్ గురించి చదువుతున్నవాణ్ణిగా నేను దాన్ని సగమే ఒప్పుకుంటాను. తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి. రాబర్ట్స్ ఆడిన మూడు అంతర్జాతీయ మ్యాచ్‌లూ 1905లోనే అయిపోయాయి. ఫిబ్రవరిలో ఐర్లాండ్ మీద, మార్చిలో వేల్స్ మీద, ఏప్రిల్ 1న స్కాట్లాండ్ మీద. యూనియన్ పుట్టింది 1907 డిసెంబరులో. మధ్యలో రెండున్నరేళ్లకు పైనే ఉంది. పుట్టని యూనియన్‌కి ముందే శిక్ష పడదు కదా. అలాగని యూనియన్‌కీ దీనికీ సంబంధమే లేదనడం కూడా తప్పు. అది తెలియాలంటే మనిషి కథ మొదటినుంచి చెప్పాలి.

1883 ఏప్రిల్ 6న ఉత్తర ఇంగ్లాండ్‌లోని డార్లింగ్టన్‌లో, ఇనుప రోలింగ్ మిల్లులున్న రైజ్ కార్ అనే పేటలో పుట్టాడు. కుర్రతనంలో దగ్గర్లోని బిషప్ ఆక్లండ్ అనే అమెచ్యూర్ జట్టుకి ఆడాడు. 1903లో గ్రిమ్స్‌బీ టౌన్‌కి వెళ్లి ఒక్క సీజన్ ఆడాడో లేదో, 1904 ఏప్రిల్‌లో మాంచెస్టర్ యునైటెడ్ అతన్ని 600 పౌండ్లకు కొనుక్కుంది. అప్పటికి అది చాలా పెద్ద సొమ్ము. అతని వయసు 21.

ఇప్పటి యునైటెడ్‌ని మనసులో పెట్టుకుని ఇది చదవకండి. ఆ క్లబ్ అసలు పేరు న్యూటన్ హీత్. అప్పుల్లో మునిగి మూతపడబోతుంటే 1902లో జె.హెచ్. డేవిస్ అనే బీరు కంపెనీ యజమాని డబ్బు పెట్టి నిలబెట్టాడు, పేరూ అప్పుడే మారింది. రాబర్ట్స్ వచ్చేనాటికి లీగ్‌లో కింది మెట్టైన రెండో డివిజన్‌లో ఆడుతోంది. బ్యాంక్ స్ట్రీట్‌లో ఉన్న గ్రౌండ్ పక్కనే రసాయనాల ఫ్యాక్టరీ పొగగొట్టాలు. మ్యాచ్ జరుగుతుంటే పొగ మైదానం మీదికి వచ్చేది. అలాంటి క్లబ్‌ని ఏడేళ్లలో రెండుసార్లు లీగ్ ఛాంపియన్‌గా, ఒకసారి ఎఫ్.ఏ. కప్ అనే నాకౌట్ పోటీలో విజేతగా చేసిన జట్టుకి మధ్యలో ఉన్న మనిషి రాబర్ట్స్.

మధ్యలో అన్న మాట ఊరికే అనలేదు. ఇప్పుడు ఆట చూసేవాళ్లకి సెంటర్ హాఫ్ అంటే వెనక నిలబడి వచ్చిన బంతిని తలతో కొట్టి బయటికి పంపే పొడుగాటి మనిషి. అప్పుడు అలా కాదు. గోల్‌కీపర్ ముందు ఇద్దరే ఫుల్‌బ్యాక్‌లు, వాళ్ల ముందు ముగ్గురు హాఫ్‌బ్యాక్‌లు, ఆ పైన ఐదుగురు ఫార్వర్డ్‌లు. హాఫ్‌బ్యాక్‌ల్లో నడిమివాడు సెంటర్ హాఫ్. ఎదుటి సెంటర్ ఫార్వర్డ్‌ని ఆపాల్సింది అతనే. బంతి దొరికాక తన ఐదుగురిలో ఎవరికి అందించాలో తేల్చాల్సిందీ అతనే. సందు దొరికితే తనే ముందుకు దూసుకెళ్లి గోల్ కొట్టాలి, మరుక్షణం వెనక్కి పరిగెత్తి కాపు కాయాలి.

నేను కుర్రాడిగా ఉన్నప్పుడు మాకు ఆట నేర్పిన పెద్దాయన ఈ పాత పద్ధతిలోనే పెరిగారు. సెంటర్ హాఫ్‌గా ఎవర్ని పెట్టాలో చెప్పేటప్పుడు ఆయన ఆట ఎవడు బాగా ఆడతాడని చూసేవారు కాదు. ప్రాక్టీసు అయ్యాక మా అందర్నీ వరసలో నిలబెట్టి, ఎవడు తక్కువ రొప్పుతున్నాడో చూసేవారు. అది ఊపిరితిత్తుల మీద ఆడే స్థానం అన్నమాట. రాబర్ట్స్ 100 గజాల దూరాన్ని 11 సెకన్లలో పరిగెత్తేవాడని చెబుతారు. బరువైన తోలు బూట్లు, తడిస్తే రాయిలా అయ్యే బంతి ఉన్న రోజుల్లో సెంటర్ హాఫ్‌కి ఆ వేగం అంటే ఎదుటి జట్టుకి ఎంత ఇబ్బందో ఊహించుకోండి. ముఖం పాలిపోయినట్టు తెల్లగా ఉండేదట. దాంతో బూట్లేసుకున్న దెయ్యం అని ముద్దుపేరు పెట్టారు.

ఆ వేగం గురించే ఇంకో మాట. 1904లో ఫుట్‌బాల్ అసోసియేషన్, అంటే ఎఫ్.ఏ., ఆటగాళ్ల నిక్కర్లు మోకాళ్లు కప్పేలా ఉండాలని నిబంధన పెట్టింది. రాబర్ట్స్ మాత్రం మోకాళ్లు కనిపించే పొట్టి నిక్కరే వేసుకునేవాడు. పరిగెత్తడానికి అదే వీలు అన్నది అతని లెక్క. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ ఎఫ్.ఏ. పెద్దలకి ఇలాంటివి చిన్నవి కావు. ఆ సంస్థలో అధికారం లార్డ్ కినైర్డ్, షెఫీల్డ్ లాయరు చార్లెస్ క్లెగ్ లాంటివాళ్ల చేతుల్లో ఉండేది. ఆటని డబ్బు కోసం కాక సరదా కోసం ఆడిన తరం వాళ్లది. జీతం తీసుకుని ఆడే కార్మికుల పిల్లలు చెప్పినట్టు నడుచుకోవాలన్నది వాళ్ల నమ్మకం. ఇంగ్లాండ్ జట్టుని ఎంపిక చేసేది కూడా అదే ఎఫ్.ఏ. కమిటీ. ఇప్పట్లా కోచ్ చేతిలో లేదు.

సరే, 1905 దగ్గరికి వద్దాం. రెండో డివిజన్ క్లబ్‌లో ఆడుతూనే ఇంగ్లాండ్ జట్టులోకి రావడమంటే మాటలు కాదు. మాంచెస్టర్ యునైటెడ్ నుంచి ఇంగ్లాండ్‌కు ఆడిన మొదటి ఆటగాడు అతనే. ఐర్లాండ్‌తో డ్రా, వేల్స్ మీద, స్కాట్లాండ్ మీద గెలుపు. ఓడిపోయిన మ్యాచ్ ఒక్కటీ లేదు. ఆ తర్వాత మళ్లీ పిలుపు రాలేదు.

1905 నుంచి 1907 దాకా పిలుపు రాకపోవడానికి నాకు కనిపించే కారణాలు మామూలువే. ఒకటి, యునైటెడ్ మొదటి డివిజన్‌కి ఎక్కింది 1906లో. అంతదాకా పెద్ద జట్ల మీద వారం వారం తనని తాను చూపించుకునే వీలు లేదు. రెండు, 1907లో బ్రిస్టల్ సిటీ నుంచి బిల్లీ వెడ్‌లాక్ వచ్చాడు. ఐదడుగుల నాలుగంగుళాలకు కాస్త అటూ ఇటూ ఉండే పొట్టి మనిషి, గుండ్రటి ఒళ్లు, కానీ బంతి అతన్ని దాటి వెళ్లేది కాదు. అతను 1914 దాకా ఇంగ్లాండ్‌కు 26 మ్యాచ్‌లు ఆడాడు. వెడ్‌లాక్‌ని తక్కువ చేసి రాబర్ట్స్‌ని పెంచేవాళ్లతో నేను ఏకీభవించను. అతను నిజంగానే గొప్ప ఆటగాడు.

కానీ 1908 తర్వాత ఈ కారణాలు సరిపోవు. 1907–08లో యునైటెడ్ మొదటిసారి లీగ్ ఛాంపియన్ అయింది. దాని వెనక ఒక పక్క కథ ఉంది. మాంచెస్టర్ సిటీ క్లబ్ తన ఆటగాళ్లకి రూల్‌కి మించి డబ్బిస్తోందని 1906లో తేలి, ఎఫ్.ఏ. 17 మంది ఆటగాళ్లని సస్పెండ్ చేసింది, మళ్లీ ఆ క్లబ్‌కి ఆడకూడదంది. వాళ్లలో వేల్స్ వింగర్ బిల్లీ మెరెడిత్, స్కాట్లాండ్‌కి చెందిన శాండీ టర్న్‌బుల్, హర్బర్ట్ బర్జెస్, జిమ్మీ బానిస్టర్‌లని యునైటెడ్ మేనేజర్ ఎర్నెస్ట్ మాంగ్నల్ తెచ్చుకున్నాడు. 1907 జనవరి 1న నిషేధం ముగియగానే వాళ్లు యునైటెడ్ చొక్కా వేసుకున్నారు. ముందు వరస మెరుపులు మెరెడిత్, టర్న్‌బుల్, బానిస్టర్‌లవి. వాళ్ల వెనక మాత్రం డిక్ డక్‌వర్త్, రాబర్ట్స్, అలెక్ బెల్ అనే ముగ్గురు హాఫ్‌బ్యాక్‌లున్నారు. జట్టు నడుము వాళ్లే. ఈ మూడు పేర్లని కలిపి రాబర్ట్స్ తర్వాత ఏం చేశాడో చివర్లో చెబుతాను.

ఛాంపియన్ జట్టు కెప్టెన్‌కి ఎంత జీతం వచ్చేదో తెలుసా? వారానికి 4 పౌండ్లు. ఎంత గొప్పగా ఆడినా అంతే. 1901 నుంచి అమల్లోకి వచ్చిన రూల్ అది. గెలిస్తే బోనస్ ఇవ్వడం కూడా నిషేధం. ఒక నిపుణుడైన కార్మికుడి వారం కూలీ 2 పౌండ్లకు అటూ ఇటూ ఉన్న రోజులు కాబట్టి 4 పౌండ్లు చెడ్డ జీతం కాదని వాదించేవాళ్లుంటారు. నిజమే. కానీ ఆటగాడి ఉద్యోగం పదేళ్లు సాగితే గొప్ప. పైగా అంతమంది అభిమానులు టికెట్ కొని వస్తుంటే ఆ డబ్బు ఎక్కడికి పోతోందని ఆటగాడికి అనిపించదా?

జీతం కంటే నాకు ఎక్కువ కోపం తెప్పించేది ఇంకో రూల్. 1893 నుంచి ఉన్నది. ఆటగాడి ఒప్పందం ఒక్క ఏడాదికే ఉండేది, కానీ అది అయిపోయినా అతని పేరు క్లబ్ రిజిస్టర్‌లోనే ఉండిపోయేది. క్లబ్ వదలకపోతే లీగ్‌లో ఇంకెక్కడా ఆడలేడు. కొత్త ఒప్పందానికి ఒప్పుకోకపోతే జీతమూ ఉండదు. అంటే క్లబ్‌కి ఏడాది బాధ్యత, ఆటగాడికి జీవితకాలం కట్టుబాటు. అమ్మినప్పుడు వచ్చే వందల పౌండ్లు క్లబ్‌వి. ఆటగాడికి 10 పౌండ్లు.

ఇంకొకటి కూడా జరిగింది. 1907 ఏప్రిల్‌లో యునైటెడ్ రిజర్వు జట్టు మ్యాచ్‌లో టామీ బ్లాక్‌స్టాక్ అనే ఆటగాడు బంతిని తలతో కొట్టి కుప్పకూలాడు. కాసేపటికి ప్రాణం పోయింది. సహజ మరణమని తేల్చేశారు, కుటుంబానికి పరిహారం దక్కలేదు. ఒకే డ్రెస్సింగ్ రూమ్‌లో బట్టలు మార్చుకునేవాళ్లు ఇది చూశాక ఊరుకుంటారా? అదే ఏడాది డిసెంబరు 2న మాంచెస్టర్ ఇంపీరియల్ హోటల్లో ఆటగాళ్లు సమావేశమై యూనియన్ పెట్టుకున్నారు. మెరెడిత్, రాబర్ట్స్ ముందుండి నడిపించారు. యునైటెడ్ గోల్‌కీపర్ హర్బర్ట్ బ్రూమ్‌ఫీల్డ్ కార్యదర్శి. 1898లో ఇలాంటి ప్రయత్నమే ఒకసారి జరిగి రెండు మూడేళ్లలో ఆరిపోయింది కాబట్టి మొదట్లో ఎఫ్.ఏ. దీన్ని పెద్దగా పట్టించుకోలేదు, గుర్తింపు కూడా ఇచ్చింది.

యూనియన్ రెండు పనులు మొదలుపెట్టాక మాత్రం ఎఫ్.ఏ. ధోరణి మారిపోయింది. దెబ్బలు తగిలిన ఆటగాళ్లకి కార్మికుల పరిహార చట్టం కింద డబ్బు ఇప్పించడానికి కోర్టుకెళ్లడం ఒకటి. దేశంలోని కార్మిక సంఘాల సమాఖ్యలో చేరాలనుకోవడం రెండోది. కోర్టులకు వెళ్లాలంటే తమ అనుమతి కావాలని ఎఫ్.ఏ. అంది. కార్మిక సమాఖ్యలో చేరితే రేపు బొగ్గుగని కార్మికులు సమ్మె చేసినా ఫుట్‌బాల్ ఆగిపోతుందని భయపెట్టింది.

1909 ఏప్రిల్ 24న ఎఫ్.ఏ. కప్ ఫైనల్. లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లో 71 వేల మంది జనం. యునైటెడ్ ఎదురుగా బ్రిస్టల్ సిటీ, అంటే రాబర్ట్స్ ఎదురుగా వెడ్‌లాక్. ఇంగ్లాండ్ ఎంచుకున్న సెంటర్ హాఫ్, ఇంగ్లాండ్ వద్దనుకున్న సెంటర్ హాఫ్ ఒకే మైదానంలో. టర్న్‌బుల్ గాయంతో ఉన్నాడు, ఆడించాలా వద్దా అని మేనేజర్ ఊగిసలాడుతుంటే, ఆడనివ్వండి, ఒక్క గోల్ కొట్టాడంటే మిగతా ఆటలో మనం అతన్ని మోసుకుంటాం అని రాబర్ట్స్ నచ్చజెప్పాడని చెబుతారు. 22వ నిమిషంలో టర్న్‌బులే గోల్ కొట్టాడు. 1–0. యునైటెడ్‌కి అదే మొదటి ఎఫ్.ఏ. కప్. రాబర్ట్స్ చేతికందింది.

తర్వాత రెండు నెలలకే అతని చేతిలో జీతం లేదు.

ఎఫ్.ఏ. యూనియన్ గుర్తింపు రద్దు చేసి, జులై 1 లోపు యూనియన్‌కి రాజీనామా చేస్తున్నామని ఆటగాళ్లందరూ సంతకం పెట్టాలంది. పెట్టకపోతే సస్పెన్షన్. దేశమంతటా ఆటగాళ్లు ఒక్కొక్కరే సంతకం పెట్టేశారు. వాళ్లని నేను తప్పుపట్టను. పెళ్లాం బిడ్డలున్నారు, ఇంటద్దె కట్టాలి. ఒక్క మాంచెస్టర్ యునైటెడ్ జట్టు మాత్రం పెట్టలేదు. రాబర్ట్స్‌కి అప్పుడు పోయేదేమిటో చూడండి. ఒక క్లబ్‌లో ఐదేళ్లు ఆడినవాడికి బెనిఫిట్ ఇచ్చేవారు, అంటే ఒక మ్యాచ్ వసూళ్లు అతనివి. అతను 1904లో చేరాడు కాబట్టి సరిగ్గా ఆ ఏడాదే వంతు వచ్చింది. 500 పౌండ్లకు తక్కువ కాకుండా హామీ ఉంది. రెండేళ్ల జీతం కంటే ఎక్కువ. కొట్టు పెట్టుకోవాలన్నా, ఇల్లు కొనుక్కోవాలన్నా ఆటగాడికి జీవితంలో ఒకేసారి దొరికే సొమ్ము. సంతకం పెడితే అది వస్తుంది. పెట్టలేదు.

ఆ వేసవి గురించి రాబర్ట్స్ తన జ్ఞాపకాల్లో రాసినవి చదివితే మనుషులు కళ్లముందు కనిపిస్తారు. ఒక శుక్రవారం జీతాల కోసం అందరూ క్లబ్ ఆఫీసుకి వెళ్లారు. డబ్బుల్లేవన్నారు. అయితే ఏదో ఒకటి పట్టుకెళ్లాల్సిందే అని టర్న్‌బుల్ గోడకున్న అద్దం తీసి చంకలో పెట్టుకుని బయటికి నడిచాడు. చూసి మిగతావాళ్లూ అద్దాలు, తల దువ్వుకునే బ్రష్‌లు, చేతికందినవి తీసుకుని గ్రౌండ్ మూల మీదున్న చిన్న సారా కొట్లో అమ్మకానికి పెట్టారు. రాబర్ట్స్ వెళ్లలేదు. అక్కడే ఉండి ఆఫీసువాళ్లతో మాట్లాడి, కాస్త డబ్బు ఏర్పాటు చేయించి, వస్తువులన్నీ వెనక్కి తెప్పించాడు. కెప్టెన్ అంటే నాకు ఈ సంఘటనే గుర్తొస్తుంది, కప్ ఎత్తిన ఫొటో కాదు.

క్లబ్ గ్రౌండ్‌లో అడుగుపెట్టనివ్వలేదు కాబట్టి ఫాలోఫీల్డ్‌లోని వేరే మైదానంలో సొంతంగా ప్రాక్టీసు చేసుకున్నారు. అక్కడికి ఒకరోజు ఫొటోగ్రాఫర్ వచ్చాడు. అందర్నీ వరసల్లో సర్దుతుండగా రాబర్ట్స్ ఒక చెక్క ముక్క వెతికి తెచ్చి, దాని మీద "అవుట్‌కాస్ట్స్ ఫుట్‌బాల్ క్లబ్ 1909" అని రాసి, తన ముందు పెట్టుకుని కూర్చున్నాడు. అవుట్‌కాస్ట్స్ అంటే వెలివేసినవాళ్లు. మన పల్లెల్లో వెలి అన్న మాటకి ఎంత బరువుందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఆ మాటని అతను తనే చేతబట్టుకుని కెమెరా ముందు కూర్చున్నాడు. ఎవర్టన్ నుంచి టిమ్ కోల్‌మన్ వచ్చి వాళ్లలో కలిశాడు, ఆ ఫొటోలో అతనూ ఉన్నాడు. మర్నాడు ఆ ఫొటో పత్రికల్లో వచ్చింది. నా దృష్టిలో ఫుట్‌బాల్ చరిత్రలో అంతకంటే ముఖ్యమైన ఫొటోలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

ఆ ఫొటో పని చేసింది. సంతకాలు పెట్టిన మిగతా క్లబ్‌ల ఆటగాళ్లు మళ్లీ యూనియన్ వైపు తిరిగారు. న్యూకాజిల్ ఆటగాడు కోలిన్ వీచ్ రెండు పక్షాల మధ్య మాట్లాడాడు. సెప్టెంబరు 1న లీగ్ మొదలవ్వాలి. ఆగస్టు 31న రాజీ కుదిరింది. యూనియన్‌కి మళ్లీ గుర్తింపు, సస్పెన్షన్లు రద్దు. సీజన్ మొదటి మ్యాచ్‌లో యునైటెడ్ ఆటగాళ్లు చేతికి యూనియన్ పట్టీలు కట్టుకుని మైదానంలోకి దిగారు.

గెలుపని రాసేవాళ్లున్నారు. రాబర్ట్స్ అలా అనుకోలేదు. ఆ చలికాలం రాకముందే యూనియన్ సభ్యులు ఓటు వేసి, 470 మంది సరేనని, 172 మంది వద్దని అనడంతో కార్మిక సమాఖ్య నుంచి బయటికొచ్చేశారు. సమాఖ్య తమకు కుడిభుజం లాంటిదని, తన ఒక్కడి చేతిలో ఉంటే ఎఫ్.ఏ. ఏమన్నా దాన్ని వదిలేవాణ్ణి కాదని అతను తర్వాత బాధగా రాసుకున్నాడు. 4 పౌండ్ల పరిమితి ఆ మరుసటి ఏడాది కాస్త సడలి, సర్వీసుని బట్టి 5 పౌండ్ల దాకా వెళ్లింది, అంతే. క్లబ్ రిజిస్టర్‌లో ఆటగాణ్ణి కట్టేసే రూల్ మీద 1912లో కింగబీ అనే ఆటగాడి తరఫున యూనియన్ కోర్టుకెళ్లి ఓడిపోయి, ఖర్చులు కట్టలేక దాదాపు దివాలా తీసింది. జీతాల పరిమితి పూర్తిగా పోయింది 1961లో.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్నకి తిరిగొస్తాను. 1909 తర్వాత రాబర్ట్స్ ఇంకా నాలుగేళ్లు యునైటెడ్‌లో ఉన్నాడు. 1910 ఫిబ్రవరిలో క్లబ్ ఓల్డ్ ట్రాఫర్డ్‌కి మారింది. 1910–11 సీజన్ చివరి రోజున సండర్లాండ్‌ని 5–1తో ఓడిస్తే, అదే రోజు ఆస్టన్ విల్లా లివర్‌పూల్‌లో ఓడిపోయి, టైటిల్ రెండోసారి యునైటెడ్‌కి వచ్చింది. అలాంటి కెప్టెన్‌ని వెడ్‌లాక్‌కి బదులుగా ఒక్క మ్యాచ్‌కైనా, అతనికి దెబ్బ తగిలినప్పుడైనా, పిలవలేదు. ఎంపిక చేసే కమిటీ, అతన్ని సస్పెండ్ చేసిన సంస్థ ఒకటే. రాబర్ట్స్ పేరు వద్దని ఎవరూ కాగితం మీద పెట్టి ఉండరు, అలాంటివి కాగితం మీద పెట్టరు. నేను పనిచేసిన చోట యూనియన్‌లో గట్టిగా మాట్లాడిన మా సీనియర్ ఒకాయనకి పదకొండేళ్లు ప్రమోషన్ రాలేదు. ఫైల్లో ఎక్కడా ఒక్క ముక్క లేదు. ప్రతిసారీ వేరే అర్హుడైనవాడే దొరికాడు. వెడ్‌లాక్ కూడా అర్హుడే. అందుకే 1905–07 సంగతి వేరు, 1909 తర్వాతి సంగతి వేరు అని నేను విడదీసి చెబుతాను. మొదటిది ఆట లెక్క. రెండోదాంట్లో యూనియన్ పాత్ర ఉందనే నా నమ్మకం.

1913లో యునైటెడ్ అతన్ని ఓల్డ్‌హామ్ అథ్లెటిక్‌కి 1,500 పౌండ్లకు అమ్మింది. అప్పటికి అన్ని పోటీల్లో కలిపి 302 మ్యాచ్‌లు, 23 గోల్స్. వయసు 30 దాటింది, అయిపోయాడనుకున్నారు. ఓల్డ్‌హామ్‌కి కెప్టెన్‌గా అతను చేసింది చూస్తే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. 1914–15లో ఆ చిన్న క్లబ్ లీగ్ టైటిల్ దగ్గరికి వెళ్లిపోయింది. ఏప్రిల్ 3న మిడిల్స్‌బరోతో మ్యాచ్‌లో ఓల్డ్‌హామ్ ఫుల్‌బ్యాక్ బిల్లీ కుక్‌ని రిఫరీ బయటికి పంపితే, అతను వెళ్లనని మైదానంలోనే నిలబడిపోయాడు. రిఫరీ మ్యాచ్ ఆపేసి వెళ్లిపోయాడు. అప్పటికి మిడిల్స్‌బరో ముందున్న 4–1 స్కోరే ఖాయం చేశారు, కుక్‌ని ఏడాది పాటు నిషేధించారు. చివరికి ఎవర్టన్‌కి 46 పాయింట్లు, ఓల్డ్‌హామ్‌కి 45. ఓల్డ్‌హామ్ టైటిల్‌కి అంత దగ్గరగా ఇంకెప్పుడూ రాలేదు. యుద్ధం వల్ల లీగ్ ఆగిపోయింది, రాబర్ట్స్ ఆట కూడా దాదాపు అక్కడే ఆగింది. అద్దం పట్టుకెళ్లిన టర్న్‌బుల్ 1917 మేలో ఫ్రాన్స్‌లోని అరాస్ దగ్గర యుద్ధంలో చనిపోయాడు.

ఆట అయ్యాక రాబర్ట్స్ మాంచెస్టర్‌లో పొగాకు హోల్‌సేల్ వ్యాపారం పెట్టుకున్నాడు. అతను అమ్మిన ఒక చుట్ట పేరు డ్యూక్రోబెల్. డక్‌వర్త్, రాబర్ట్స్, బెల్ పేర్లలో ముక్కలు తీసి కలిపింది. 1921 దాకా యూనియన్ పనిలో ఉన్నాడు. ఆ ఏడాదే ఓల్డ్‌హామ్ మేనేజర్ అయ్యి, 1922 డిసెంబరులో మానేశాడు.

ఇక మీ రెండో ప్రశ్న, అంత గొప్పవాడని ఎందుకంటారని. ట్రోఫీలు పైన చెప్పాను. వాటికంటే గట్టి సాక్ష్యం ఇటలీలో ఉంది. విట్టోరియో పొజ్జో అనే ఇటలీ కుర్రాడు మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు ఇంగ్లాండ్‌లో చదువుకుంటూ, ఉన్ని మిల్లుల బ్రాడ్‌ఫర్డ్‌లో ఉండి, వీలైనప్పుడల్లా మాంచెస్టర్ యునైటెడ్ మ్యాచ్‌లకి వెళ్లేవాడు. అతని కళ్లు రాబర్ట్స్ మీదే ఉండేవి. ధైర్యం చేసి మ్యాచ్ అయ్యాక పలకరించాడు. ఇద్దరికీ స్నేహం కుదిరింది. బంతిని దగ్గర్లో ఉన్నవాడికి కాకుండా రెండు రెక్కల మీదున్న వింగర్లకి దూరంగా, కచ్చితంగా పంపే పద్ధతి పొజ్జోకి బాగా నచ్చింది.

1925లో ఆఫ్‌సైడ్ రూల్ మారింది. ఫార్వర్డ్‌కీ గోల్‌కీ మధ్య ముగ్గురు ప్రత్యర్థులు ఉండాలన్నది ఇద్దరైంది, గోల్స్ వెల్లువెత్తాయి. దాన్ని ఆపడానికి ఇంగ్లాండ్ క్లబ్‌లు సెంటర్ హాఫ్‌ని వెనక్కి లాగి ఫుల్‌బ్యాక్‌ల మధ్య కట్టేశాయి. పొజ్జో ఒప్పుకోలేదు. ఇటలీ జట్టు తన చేతికొచ్చాక, ఆటని మధ్యలోంచి నడిపే సెంటర్ హాఫ్‌నే ఉంచాడు. తనకి నమూనా రాబర్ట్సేనని దాచుకోలేదు. 1934లో అర్జెంటీనాలో పుట్టిన లూయిస్ మోంటీని ఆ స్థానంలో పెట్టి ప్రపంచ కప్ గెలిచాడు. 1938 జూన్‌లో పారిస్‌లో రెండోసారి గెలిచాడు. పురుషుల ప్రపంచ కప్‌లో ఆ ఘనత ఉన్న జాతీయ జట్టు మేనేజర్ ఈరోజుకీ ఇంకొకరు లేరు.

ఆ రెండో కప్ నాటికి రాబర్ట్స్ మాంచెస్టర్‌లోనే ఉన్నాడు, 55 ఏళ్లు. తల తిరుగుడు మొదలై, 1939లో మాంచెస్టర్ రాయల్ ఇన్ఫర్మరీలో తలకి ఆపరేషన్ చేశారు. ఆగస్టు 7న చనిపోయాడు.